ఈ వారం సమస్య: "తల్లి కన్న ముందె తనయ పుట్టె"

నిర్వాహకుడు, నల్లగొండ:
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు మీవి. షరతు ఒక్కటే. పద్యం విండోస్ ఫారం గురించి, అంటే తెర మీద తెరుచుకునే ప్రోగ్రాం కిటికీ గురించి ఉండాలి. ప్రోగ్రాం నడుస్తుండగానే, మనం సొంతంగా చేసుకున్న కంట్రోల్‌ను (పెట్టె, బొత్తం లాంటి ముక్కను) ఫారం మీదికి ఎక్కించే పని గురించి. డిజైనర్‌లో మౌస్‌తో లాగి పడేసేది కాదు. పురాణాలకు పోవద్దు. ఇట్లాంటి సమస్య ఇస్తే చాలు, అందరూ కుంతీదేవిని పిలుస్తారు. పగలంతా కోడు రాసి రాత్రి పద్యం రాసేవాళ్లం కదా, ఒక్కసారి రెండూ కలిపి చూద్దాం.

మిల్లు కోడరు, మిర్యాలగూడ:
మొదలు నాదే పెడుతున్నా.

మొదట గడిని జేసి మూడవ వరుసలో
పలక దెచ్చి దాని పైన నిలుప
కోడు చదివి నవ్వె కుర్రవాడిట్లని
తల్లి కన్న ముందె తనయ పుట్టె

గడి అంటే మా రైస్ మిల్లు ప్రోగ్రాంలో బరువు కొట్టే పెట్టె. టెక్స్ట్‌బాక్స్ అని ముందే తయారుగా ఉండే రాత పెట్టె నుంచి వారసత్వం తీసుకున్నాను, దాని గుణాలన్నీ దీనికి వస్తాయి. అంకెలు, ఒక చుక్క తప్ప ఏ మీట నొక్కినా అందులో పడదు. లారీ లారీకి ఎన్ని వరుసలు కావాలో ముందు తెలియదు కాబట్టి నడుస్తుండగానే పుట్టించాలి. పలక అంటే ప్యానెల్, గడులను తనలో పెట్టుకునే చట్రం. నా కోడులో మొదటి వరుసలో గడి, మూడో వరుసలో ప్యానెల్, చివర ప్యానెల్ కంట్రోల్స్ జాబితాలోకి గడిని యాడ్ చేయడం. మా ఆఫీసు పోరడు నిజంగానే నవ్విండు.

గద్వాల పంతులు:
మొ-మూ, ప-పై, కో-కు యతులు మూడూ కుదిరాయి. గణాలూ సరే. "పలక" మంచి మాట, ప్యానెల్‌కు ఇంతకంటే తెలుగు నాకు తోచడం లేదు. నా పేచీ వేరే. పలక తల్లి ఎట్లయింది బాబూ? గడిని కన్నది టెక్స్ట్‌బాక్స్. పలక ఒళ్లో కూర్చోబెట్టుకున్నది, అంతే.

మిల్లు కోడరు:
గడి ఏ పలకలో ఉందో చెప్పే ప్రాపర్టీ పేరే పేరెంట్ కదా సార్.

గద్వాల పంతులు:
పేరు పెట్టినవాడిది తప్పు, నీది కాదు. కానీ పద్యంలో తల్లి అన్నావు. కన్నతల్లి మారదు. పలక రేపు మారుతుంది. ఆ గడినే ఇంకో పలక కంట్రోల్స్‌లో యాడ్ చేసి చూడు, పాత పలక నుంచి దానంతట అదే ఊడి వస్తుంది. ఒక్కసారికి ఒక్క ఒడి.

పాలమూరు సీషార్పు:
పంతులు గారి పేచీ నాకు పనికొచ్చింది. అసలు కన్నతల్లినే పట్టుకున్నాను.

చిత్రమేమి కాదు సీషార్పు చట్టమ్ము
బిడ్డ సొమ్ము తొలుత, పిదప తల్లి
అడుగడుగున నాగి యర్ధరాత్రిని జూడ
తల్లి కన్న ముందె తనయ పుట్టె

నమ్మనివాళ్లు బ్రేక్‌పాయింట్ పెట్టి, కోడును అడుగడుగునా ఆపి చూడండి. సీ షార్ప్ భాషలో, వారసత్వం తీసుకున్న పిల్ల క్లాసులో ఫీల్డులకు (అది దాచుకునే విలువల అరలకు) అక్కడికక్కడే ఇచ్చిన విలువలు ముందు పడతాయి. ఆ తర్వాతే తల్లి కన్‌స్ట్రక్టర్, అంటే పుట్టించే కోడు, నడుస్తుంది.

నిర్వాహకుడు:
ఇది నేను ఊహించని దారి. వీబీ డాట్ నెట్ అనే ఇంకో భాషలో ఇది తిరగబడుతుందని కూడా రాయాల్సింది. అక్కడ తల్లి కన్‌స్ట్రక్టర్ అయ్యాకే పిల్ల ఫీల్డులు. నాకు ఈ దెబ్బ తగిలింది. గడి వెడల్పును ఒక ఫీల్డులో పెట్టి, పుట్టినప్పటి కొలత చెప్పే డిఫాల్ట్‌సైజ్‌ను ఓవర్‌రైడ్ చేసి (తల్లిది పక్కన పెట్టి నాది రాసి) ఆ ఫీల్డును వాడాను. కంట్రోల్ కన్‌స్ట్రక్టర్ పుట్టుకలోనే డిఫాల్ట్‌సైజ్‌ను అడుగుతుంది. సీ షార్ప్‌లో చక్కగా వచ్చింది. క్లయింటు కోసం అదే వీబీలోకి మార్చేసరికి వెడల్పు సున్నా. ఫారం మీద గడి ఉన్నట్టే, కంటికి గీత కూడా లేదు. పండగ ముందు రోజు ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

గద్వాల పంతులు:
రెండు మాటలు. "అర్ధరాత్రిని జూడ" అంటే అర్ధరాత్రిని చూశావని అర్థం, అర్ధరాత్రి దాకా చూశావని కాదు. "ని" గణం నింపడానికి వచ్చి కూర్చుంది. "అర్ధరాత్రికి జూడ" అను, సలగణం చెడదు. రెండోది, సొమ్ములు ముందు వచ్చాయి సరే, పిల్ల వచ్చిందా? పిల్ల కన్‌స్ట్రక్టర్ ఒళ్లు తల్లి తర్వాతే కదా నడిచేది. పుట్టకముందే గాజులు చేయించారు, అంతవరకే.

పాలమూరు సీషార్పు:
"రాత్రికి" ఒప్పుకున్నా, మార్చుకుంటాను. గాజుల మాటకు మాత్రం ఒప్పుకోను. సమస్యాపూరణంలో ఆ మాత్రం చనువు లేకపోతే ఎట్లా సార్!

కొత్త కలం, దేవరకొండ:
అన్నా, ఛందస్సు నేర్చుకుని నెల. తప్పులుంటే తిట్టండి.

కంట్రోల్సు యాడ్ చేయక కనపడదు గడి
కడుపులోనె యుండు, కంట పడదు
పేరు పెట్టి యుండి పిలిచిన పలుకునా
తల్లి కన్న ముందె తనయ పుట్టె

గద్వాల పంతులు:
తిట్టను. రెండో పాదం ఈ పేజీ మొత్తంలో నాకు నచ్చిన పాదం. న్యూ అని పుట్టించి యాడ్ చేయకపోతే ఆ గడి మెమరీలో ఉంటుంది, విలువ ఇస్తే పుచ్చుకుంటుంది, తెర మీద మాత్రం రాదు. "కడుపులోనె యుండు" అన్న ముక్కలో అదంతా వచ్చేసింది.
ఇక తప్పులు. "కంట్రోల్సు" గురువు గురువు లఘువు, తగణం. ఆటవెలది బేసి పాదం మొదట్లో సూర్యగణాలే నడుస్తాయి, హ గణమో న గణమో. తగణానికి చోటు నాలుగో గణంలో ఉంది, అక్కడికి జరుపు. అసలు చిక్కు మూడో పాదం. కడుపులోనే ఉంది, పలకదు అంటివి. వెంటనే పుట్టిందంటివి. వంతెన లేదు. ఇట్లాంటప్పుడు అవధానులు చేసే పని ఒకటుంది, సమస్యను ఎదుటివాడి నోట్లో పెట్టి గద్దిస్తారు.

కలుపకున్న రాదు కంట్రోల్సు యాడుతో
కడుపులోనె యుండు, కంట పడదు
ఎట్టులనెదవయ్య యింత విడ్డూరమ్ము
తల్లి కన్న ముందె తనయ పుట్టె

కొత్త కలం:
గురువుగారూ, ఇది మీ పద్యమే అయిపోయింది.

గద్వాల పంతులు:
రెండో పాదం నీదే. అదే ఖరీదైనది.

మిల్లు కోడరు:
కడుపులో ఉండేదాని సంగతి సరే, పోయినా పోనిదాని సంగతి ఎవరైనా రాయండి. లారీ వెళ్లగానే కంట్రోల్స్ క్లియర్ అని కొట్టేవాణ్ని. తెర శుభ్రం. మూడో రోజు మధ్యాహ్నానికి "విండో హ్యాండిల్ చేయలేకపోయాం" అన్న ఎర్రర్. క్లియర్ చేస్తే తెర మీంచి పోతాయి గానీ హ్యాండిళ్లు (ఒక్కో గడికి విండోస్ ఇచ్చే గుర్తింపు నంబర్లు) పోవు, ఒక్కొక్కదాన్నీ డిస్పోజ్ చేసి వదిలించాలి. లారీకి 40 వరుసలు, వరుసకు 3 గడులు, అంటే 120. విండోస్ ఒక ప్రాసెస్‌కు మామూలుగా ఇచ్చే హద్దు 10,000. నూరో లారీ రాకముందే పుట్టి మునిగింది. కాటా దగ్గర డ్రైవర్లు హారన్లు కొడుతుంటే నేను లూప్ రాస్తున్నా.

మర్రి నీడ, మహబూబ్‌నగర్:
నా పద్యం షరతుకు నిలబడుతుందో లేదో మీరే చెప్పండి.

పెద్ద మాను వెదుక పిల్లలమర్రిలో
మానులన్ని యొకటె, మర్మమేమొ
ఊడ జూపి యవ్వ యూరకే నవ్వెను
తల్లి కన్న ముందె తనయ పుట్టె

మా ఊరి పిల్లలమర్రి చూసినవాళ్లకు తెలుసు. ఊడలు దిగి మానులై, ఏది మొదటి మాను అంటే చెప్పలేం.

నిర్వాహకుడు:
అక్కా, ఇప్పటిదాకా వచ్చినవాటిలో పద్యంగా ఇదే మేలు. "ఊరకే నవ్వెను" దగ్గర అవ్వ కనిపించింది. కానీ ఫారం ఏది?

మర్రి నీడ:
ప్యానెల్‌లో గ్రూప్‌బాక్స్, అందులో ఇంకో ప్యానెల్, అందులో గడి. మూడు నెలల తర్వాత ఆ కోడు విప్పితే పిల్లలమర్రి కాదా?

నిర్వాహకుడు:
మీరు చెప్పాక అవుతుంది. చెప్పకముందు చెట్టే. మెచ్చుకోలు మీది, ఈ వారం గెలుపు మాత్రం పాలమూరు సీషార్పుది, "రాత్రికి" అని దిద్దిన పాఠంతో. పంతులు గారు మొదట వేసిన పేచీ నన్ను వదల్లేదు కాబట్టి, పోటీకి కాకుండా నాది ఒకటి.

కన్నదాని పేరు కాదయ్య పేరెంటు
పెంచవచ్చినట్టి పెద్ద దిక్కు
పలక రాక మునుపె పాపాయి పలికెను
తల్లి కన్న ముందె తనయ పుట్టె

గద్వాల పంతులు:
పురాణాలు వద్దని యశోదను దొడ్డిదారిన తెచ్చావు. పలక, పలికెను బాగుంది.

కొత్త కలం:
అన్నా, మీ మాటలు విని నిన్న రాత్రి కూర్చున్నా. ఫర్ లూప్ పెట్టి 40 గడులు యాడ్ చేశాను. తెర మీద ఎడమ పై మూలన ఒక్కటే కనపడుతోంది. కౌంట్ అడిగితే 40 అంటోంది. లూప్ తప్పా?

మిల్లు కోడరు:
లూప్ తప్పు కాదు తమ్ముడూ. లొకేషన్ ఇవ్వలేదు కదా, అన్నీ సున్నా కామా సున్నా దగ్గరే కూర్చున్నాయి. కొత్తగా యాడ్ చేసింది అడుగుకు పోతుంది కాబట్టి నీకు కనపడేది మొదటిది, మిగతా 39 దాని కిందున్నాయి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ కనపడుతుంది, అది ఏ స్తంభానిదో తేలదు. నీ దగ్గర స్తంభాలు 39 ఉన్నాయి, నీడ కూడా పడలేదు. లూప్‌లో ఒక్కోదాని టాప్‌ను గడి ఎత్తు చొప్పున దించుకుంటూ పో.

నిర్వాహకుడు:
వచ్చే వారం సమస్య దొరికింది. ఇదీ ఆటవెలదే.

"నలువదైన గాని నాకు నొకటె"