"పిలుపుకు స్పందించండి" అంటే నాకు మనసొప్పుతలేదు: చిత్తము, ఓ, పలుకుడు

నిన్న గ్రూపుల ఒక మిత్రుడు అడిగిండు కదా, వాళ్ల ఊర్ల యువజన కూడికలకు కరపత్రం రాస్తున్నరట, పైన పెద్ద అక్షరాలతోని "దేవుని సేవకు పిలుపు, స్పందించండి" అని పెట్టిన్రట, స్పందించండి అన్న కాడ ఏదో ఎలితిగ ఉంది, ఇంకో మాట చెప్పుమని. కింద చాలామంది "ప్రతిస్పందించండి", "బదులివ్వండి", "అంగీకరించండి" అని రాసిన్రు. నేను రాత్రి దాక ఇదే ఆలోచించిన. నా జవాబు ఒక్క మాటే, పలకండి. ఎందుకో చెప్తే పెద్దగైతది, జర ఓపికతోని చదవండి. నేను దేవరకొండ దిక్కు తెలుగు చెప్పే పంతులును, మా ఇంట్ల మూడు తరాల నుంచి గుడికి, అంటే చర్చికి, పోతున్నం, అన్న సేవల, అంటే పాస్టరు పనిల, ఉన్నడు, అందుకే ఈ మాట నాకు పుస్తకాల మాట కాదు, ఇంట్ల మాట.

పొద్దుగూకినంక పిల్లలు వాడకట్టుల ఆడుతుంటరు, తల్లి వాకిట్ల నిలబడి పేరు పెట్టి పిలుస్తది. పిల్లగాడు వింటడు కని ఆటల పడి ఊకుంటడు. అప్పుడు తల్లి ఏమంటది? "పిలుస్తుంటె పలుకవేందిర" అంటది. "స్పందించవేందిర" అని ఏ తల్లన్న అంటదా? స్పందన అంటే అసలు కదలిక, అదురుడు, గుండె కొట్టుకునుడు. పేపర్లల్ల "అధికారులు స్పందించలేదు" అని రాసి రాసి అది జవాబు అనే అర్థానికి వచ్చింది, తప్పు అంటలేను, కని అది ఆఫీసు మాట అయింది. పిలుపుకు జత మాట మన భాషల ముందు నుంచే ఉంది, పలుకు. పిలుపు, పలుకు. నోట్ల పెట్టుకొని చూడండి, రెండు ఒక్క చెట్టు కాయలు లెక్క ఉంటయి.

ఇంకోటి కూడ ఉంది, ఊ కొట్టుడు. కథ చెప్తుంటె ఊ కొడ్తం, పండుకున్నోడు సుత ఊ కొడ్తడు. ఊ కొట్టెటోడు ఉన్న కాడనే ఉంటడు. పలికినోడు మాత్రం దొరికిపోతడు, ఎక్కడున్నడో తెలిసిపోతది, ఇగ లేసి పోవాల్సిందే. గుడిల ప్రసంగం వినుకుంట ఊ కొట్టెటోళ్లం వందమందిమి ఉంటం, పలికేది ఒక్కరో ఇద్దరో.

మన దిక్కు దేవుని గురించి వాడుకల ఉన్న మాట "పిలిస్తే పలికే దేవుడు". మనిషి పిలుస్తడు, దేవుడు పలుకుతడు. పోతన భాగవతంల గజేంద్రుడు పిలిచిందీ అట్లనే, భారత కథల ద్రౌపది పిలిచిందీ అట్లనే, పిలుపు ఎప్పుడూ కింద నుంచి పైకి పోతది. సేవకు పిలుపు అన్న కాడ ఇది తిరగబడ్తది, పిలిచేది ఆయన, పలకాల్సింది మనం. అదే మాటలు, చోట్లు మారినయి అంతే. అందుకే తెలుగోనికి ఇది కొత్త విషయం ఏం కాదు, తెల్సిన మాటతోనే చెప్తే సూటిగ పోయి తాకుతది, స్పందించండి అంటే తాకది.

ఇప్పుడు బైబిల్లకు వస్త. పాత నిబంధన రాసిన హీబ్రూ భాషల ఒక మాట ఉంది, హిన్నేని. ఇదిగో నేను, ఉన్న, అని అర్థం. దేవుడు పిలిచినప్పుడు అబ్రాహాము, మోషే, సమూయేలు, యెషయా అందరూ అన్న మాట ఇదే. మన పాత తెలుగు బైబిల్ల దీన్ని ఎట్ల పెట్టిన్రో చూస్తే అనువాదం చేసినోళ్ల చెవి ఎంత మంచిదో తెలుస్తది. ఆదికాండం 22ల, అబ్రాహాము కొడుకును బలికి తీస్కపోయే కథల, ఆ మాట మూడుసార్లు వస్తది. మొదటి వచనంల దేవుడు "అబ్రాహామా" అని పిలిస్తే "చిత్తము ప్రభువా" అంటడు. ఏడో వచనంల కొండ ఎక్కుకుంట కొడుకు ఇస్సాకు "నా తండ్రీ" అని పిలిస్తే "ఏమి నా కుమారుడా" అంటడు. పదకొండుల పైనుంచి దూత పిలిస్తే మళ్ల "చిత్తము ప్రభువా". హీబ్రూల మూడుచోట్ల ఒకటే హిన్నేని! తెలుగుల మాత్రం పెద్దోళ్లకు పలికేది ఒక తీరు, కొడుకుకు పలికేది ఒక తీరు, మన ఇండ్లల్ల కూడ అంతే కదా. అయితే దీన్ల ఒకటి పోయింది కూడ. దేవునికి ఎట్ల పలికిండో, కట్టెలు మోస్తున్న పిల్లగానికి కూడ అబ్రాహాము అట్లనే పలికిండు, అదే మాట, అదే నిండు మనసు. ఆ సంగతి తెలుగుల కనిపించదు. నాకు ఇది తెలిసిన రోజు చాలసేపు పుస్తకం మూయలేదు.

చిత్తము అంటే చాలామంది "ఎస్ సర్" అనుకుంటరు, సినిమాలల్ల భటులు చిత్తం ప్రభూ అని వంగుతరు కదా అందుకు. కని చిత్తం అంటే మనసు. చిత్తశుద్ధిల ఉన్నది అదే, వేమన చిత్తశుద్ధి లేని శివపూజ ఎందుకన్నదీ ఆ చిత్తమే. గుడిల మనం "దేవుని చిత్తం" అనేది కూడ అదే. అంటే పిలిచినప్పుడు "చిత్తము" అన్నోడు చెప్పేది, తమ మనసు ఎట్లుంటే అట్ల అని. ఒక్క మాటల పలుకుడు ఉంది, ఒప్పుకునుడు ఉంది. పని ఏందో ఇంకా చెప్పనే లేదు, జీతం ఎంతనో ఊరేదో తెల్వదు, ముందే నీ మనసు అంటున్నడు. యెషయా 6:8ల ఇంకో రూపం, "చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము". చిత్తగించుము అంటే జర మనసు పెట్టి వినండి అని, వెనకట ఉత్తరాల కింద చిత్తగించవలెను అని రాసేటోళ్లు చూడండి, అదే.

మరి మన దిక్కు ఊర్లల్ల చిత్తం అన్న మాట ఎవరన్నరు? అది కచేరీ మాట, పై మాట. నల్లగొండ, పాలమూరు ఊర్లల్ల దొర పిలిస్తే మా తాతలు అన్నది "బాంచెన్" అని, నీ బాంచెన్ కాల్మొక్త. బాంచ అంటే దాసి, బానిస. ఆ మాట అనిపిచ్చుకున్నోళ్ల మీద మన జిల్లా ఎట్ల లేసిందో 1946 నుంచి 51 దాక జరిగిన సాయుధ పోరాటమే చెప్తది. అందుకే ఒక సంగతి నేను గట్టిగ చెప్త, దేవుని పిలుపుకు పలుకుడు అంటే బాంచెన్ అనుడు కాదు. దొర పిలుపు వెట్టికి, పలకకపోతె దెబ్బలు పడ్తయి. బైబిల్ల గుడిల పెరిగిన పిల్లగాడు సమూయేలును దేవుడు రాత్రిపూట పిలిచిండు, ఆ రాత్రి వాన్ని ఎవరు దెబ్బ కొట్టలేదు, నాలుగుసార్లు ఓపికగ పిలిచిండు. "దాసుడు" అన్న మాట రెండు కాడ్ల ఉండొచ్చు, పిలిచే గొంతు వేరు.

నిజాం కాలంల బడిల పేరు పిలిస్తే పిల్లలు "హాజర్" అనేటోళ్లు, ఉర్దూ చదువులు కదా. ఉర్దూ బైబిల్ల అబ్రాహాము అన్నది కూడ అదే, "మైఁ హాజిర్ హూఁ". నా లెక్కల హిన్నేనికి అన్నిటికంటే దగ్గర మాట ఇది. నేనున్న, ఈడనే ఉన్న.

మా నాయినమ్మకు చదువు రాదు. చిత్తము, హాజరు ఏదీ అనకపోయేది. పొయ్యి కాడ కూసొని ప్రార్థన చేసేది, మొదలు "ఓ నాయినా" అని కొద్దిసేపు ఆగేది. నా చిన్నతనంల ఆమె దేవుణ్ణి పిలుస్తుంది అనుకున్న. ఒకసారి అడిగితే, "నేను పిలుసుడు కాదు బిడ్డా, ఆయన పిలిసిండు, నేను ఓ అన్న" అన్నది. మేం ఇంట్ల ఎవరు పిలిచినా పలికేది ఓ అనే కదా, ఓ అవ్వా, ఓ నాయినా. హిన్నేని మా నాయినమ్మ నోట్ల ఒక్క అక్షరం అయింది.

ఆమెనే సమూయేలు కథ చెప్పేది, రాత్రి కథ కాబట్టి రాత్రే చెప్పేది. మన దిక్కు పెద్దోళ్లు అంటరు చూడండి, రాత్రిపూట ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే మూడుసార్లు పిలిచేదాక పలుకొద్దు అని. ఆ భయం ఆమెకూ ఉండె. అయినా ఈ కథల పిల్లగాడు మొదటి పిలుపుకే పలికి ఉరికిండు, అది ఆమెకు మస్తు నచ్చేది, "సూడు, భయపడలే" అనేది. దేవుడు మూడుసార్లు పిలిస్తే మూడుసార్లు ముసలి యాజకుడు ఏలీ కాడికే ఉరికిండు. మొదలు ఏలీ అన్నది "నేను పిలువలేదు, పోయి పండుకొమ్ము" అని. గమనించిన్రా, పండుకొమ్ము! అటు దిక్కోళ్లు పడుకో అంటరు, మనం పండుకో అంటం, బైబిల్ల మన మాట ఉందని చిన్నప్పుడు నేను సంబురపడ్డ. ఇంకో చిన్న సంగతి, సమూయేలు మొదలు పలికింది "చిత్తమండి" అని, ఆ అండి పక్క గదిల ఉన్న ముసలాయనకు, పిలిచింది ఆయననే అనుకున్నడు కాబట్టి. చివరికి ఎవరు పిలుస్తున్నరో తెలిసినంక అండి లేదు, చిత్తం లేదు, "నీ దాసుడు ఆలకించుచున్నాడు ఆజ్ఞయిమ్ము" అంతే. ముందు పలికిండు, తర్వాత విన్నడు. అన్నీ విని, తూచి, లాభం చూసి అప్పుడు పలుకుత అంటే అది పలుకుడు ఎట్లైతది.

మా అన్న ఎరువుల దుకాణంల గుమస్త చేసేటోడు. సేవకు పోవాలె అని లోపల మూడేండ్లు తిప్పలపడ్డడు. ఇంట్ల చెప్తే అమ్మ వద్దనలేదు, కని ఒక మాటన్నది, "పిలిచింది ఆయననా, దుకాణంల విసుగు పుట్టి నీ మనసు పిలిచిందా, నిదానంగ చూసుకో". అప్పుడు అన్నకు కోపం వచ్చింది, ఇప్పుడు సేవకు వస్తమని వచ్చే పిల్లలకు అదే మాట చెప్తడు. దుకాణంల చివరి రోజు ఖాతా బుక్కుల బాకీలన్నీ పేరు పేరున ఎర్ర పెన్నుతోని రాసి, సేటు చేతికి తాళాలతో పాటు ఇచ్చిండు, ఒక్క యూరియా బస్త లెక్క తేడా వస్తే రెండు దినాలు ఎక్కువ ఉండి తేల్చిపోయిండు. శంషాబాద్ బైబిల్ కాలేజీల చేరేటప్పుడు అందర్ని పిలుపు సాక్ష్యం చెప్పుమంటరు. తోటోళ్లు కల వచ్చింది, వెలుగు కనిపించింది అని చెప్పిన్రట. మా అన్నకు ఏ కలా రాలేదు. "మా నాయినమ్మ ఓ అనేది, నాకూ ఓ అనాలనిపిచ్చింది" అన్నడట. ఇప్పుడు ఒక తండా పక్కన రేకుల షెడ్డుల ముప్పై మంది సంఘం, ఆదివారం వదిన చాపలు పరుస్తది, ఈయన పోయి రానోళ్ల ఇండ్ల ముంగట నిలబడి పేరు పెట్టి పిలుస్తడు. పిలిపిచ్చుకున్నోడే ఇప్పుడు పిలిచెటోడు అయిండు.

(కింద అడిగినోళ్లకు ఇక్కడనే రాస్తున్న, విడిగ రాస్తే కలవదు.)

"లోబడండి" అని పెట్టొచ్చు కదా అన్నరు ఒక అక్క. పెట్టొచ్చక్కా, హెబ్రీ 11:8ల అబ్రాహాము గురించి "ఆ పిలుపునకు లోబడి" అనే ఉంది, ఎక్కడికి పోవాల్నో తెల్వకుంటనే బయలెల్లిండు అని. మన నల్లగొండకు కూడ ఒక అబ్రాహాము అట్లనే వచ్చిండు, అబ్రాహాము ఫ్రీసెన్ అని, రష్యా దిక్కు మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖోళ్ల ఊర్లల్ల పుట్టినాయన, 1889ల భార్య మరియాతోని ఈ దేశం వచ్చి నల్లగొండల పని పెట్టుకున్నడు. కని లోబడుడు తర్వాతి అడుగు, పలికినంక నడిచే నడక. కరపత్రం చదివే పిల్లగాడు ఇంకా వాకిట్ల కూడ లేడు, ఆటల ఉన్నడు. వానికి మొదలు పలుకు అనే చెప్పాలె.

ఇంకొకాయన, పిలుపు పాస్టర్లకేనా మాకు లేదా అన్నరు. మంచి ప్రశ్న. మనం సంఘం అనే మాటకు గ్రీకుల ఎక్లేసియా, దాన్ల పిలుచుడు అన్న ధాతువు ఉంది, బయటికి పిలిచిన జనం కూడిన సభ అన్నట్టు. సంఘం అంటే కూడుడు ఒక్కటే వినిపిస్తది, పిలుచుడు వినిపించది, తెలుగుల ఆ దారం తెగింది. కాబట్టి చాపల మీద కూసున్న ముప్పై మందీ పిలిపిచ్చుకున్నోళ్లే. సేవకు పేరు పెట్టి పిలుచుడు మాత్రం వేరే, దానికి పిలవని పేరంటం లెక్క పోవద్దు, మా అమ్మ చెప్పింది అదే.

కరపత్రం మిత్రునికి: "ఆయన పిలుస్తున్నడు. పలుకు." అని రెండు ముక్కలు పెట్టండి, అండి వద్దు, గారు వద్దు, తల్లి పిలిచినట్టు ఉండాలె. కింద 1 సమూయేలు 3:10 వేయండి. ప్రెస్సుకు ఇచ్చే ముందు ఒకసారి ఇక్కడ ఫొటో పెడ్తే అక్షరాలు నేను చూస్త, పలుకుల ళ పడకుంట.