రీ: హైదరాబాద్ నుంచి కొత్తగా న్యూజెర్సీ వచ్చాం, బాబుకి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి తగ్గింది. ఇక్కడ ఏం చేయాలి?

నమస్తే అండీ. మీరు రాసింది చదివాక జవాబివ్వకుండా ఉండలేకపోయాను. మా పాపకి 11 నెలలప్పుడు హైదరాబాద్‌లోనే బ్యాక్టీరియల్ మెనింజైటిస్ వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్ళు న్యూజెర్సీలో ఉండి, ఈమధ్యే మళ్ళీ మియాపూర్ వచ్చేశాం.

బాబు నడుస్తున్నాడు, ఆడుకుంటున్నాడు, గండం గడిచిందని రాశారు. చాలా సంతోషం. డిశ్చార్జ్ అయ్యాక చెవుల పరీక్ష చేయించారా? మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడేది కదా, వినిపిస్తోందనే అనుకున్నాం. కానీ పిలిస్తే ఎటునుంచి పిలిచామో తెలియక గదంతా వెతికేది. బెరా టెస్టు (శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో చూసే పరీక్ష) చేయిస్తే ఒక చెవి దాదాపు వినపడదని తేలింది. ఈ జబ్బు లోపలి చెవిని దెబ్బతీయొచ్చు. కొందరికి అక్కడ ఎముక పెరుగుతుంది, అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) పెట్టడం కూడా కష్టమవుతుంది. అందుకే ఆలస్యం పనికిరాదు. ఈ వారమే పీడియాట్రీషియన్‌ని అడిగి ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించే నిపుణులు) దగ్గరికి వెళ్ళండి.

బాబుకి 2 ఏళ్ళ 4 నెలలన్నారు. మూడేళ్ళలోపు పిల్లలకి అక్కడ ఎర్లీ ఇంటర్వెన్షన్ అని, ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల్ని పరీక్షించి థెరపీ ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం ఉంటుంది. డాక్టరు రాసివ్వక్కర్లేదు, మీరే ఫోన్ చేయొచ్చు. పరీక్షించడానికి డబ్బు తీసుకోరు, థెరపీకి మాత్రం ఆదాయాన్ని బట్టి కొంత కట్టాల్సి రావచ్చు. ఫోన్ చేసిన 45 రోజుల్లోపు పరీక్ష, ప్లాన్ మీటింగ్ రెండూ జరగాలి. మూడేళ్ళు నిండితే బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది అవుతుంది. కాబట్టి రేపే చేయండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి, అది మీ హక్కు. బాబుకి వచ్చిన తెలుగు మాటలు కూడా లెక్కలోకి రావాలి. ఇంట్లో తెలుగు మాత్రం మానకండి. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు.

అత్తగారు ఈ జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారని రాశారు. ఆవిడ భయం అర్థమవుతుంది, మా అమ్మా అదే అంది. చుట్టాలకి చెప్పకపోయినా ఫర్వాలేదు, డాక్టరుకీ రేపు స్కూలుకీ చెప్పాల్సిందే. చిన్నపిల్లల మెదడు తొందరగా కోలుకుంటుందని అందరూ అంటారు. అది సగమే నిజం. రెండేళ్ళ బిడ్డ కుదురుగా కూర్చోవాలని, నాలుగు పనులు గుర్తుపెట్టుకోవాలని ఎవరూ అనుకోరు. అందుకే ఆ లోటు అప్పుడు కనపడదు. మా పాప ఫస్ట్ గ్రేడ్‌కి వెళ్ళాక, మూడు పనులు వరుసగా చెబితే మొదటిదే చేసేది. మధ్యాహ్నానికి అలసిపోయేది. టీచర్ బద్ధకం అనుకుంది. పాత సంగతి చెప్పాకే ఐఈపీ (పాపకి స్కూల్లో ఏ సాయం కావాలో రాసే ప్లాన్) రాసి, ముందు బెంచీలో కూర్చోబెట్టారు, మధ్యలో విశ్రాంతి ఇచ్చారు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని కొత్త మాట, కొత్త పని తేదీతో రాయండి, నెలకో వీడియో తీయండి. వచ్చిన మాటలు పోయినా, ఒక చెయ్యే వాడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే వెంటనే 911.

> థాంక్స్ అక్కా. చెవుల టెస్టు చేయించలేదు, ఈరోజే ఫోన్ చేశాను. డిశ్చార్జ్ సమ్మరీ మాత్రం సామాన్లలో ఎక్కడో పోయింది.

దానికి టెన్షన్ పడకండి. హాస్పిటల్ మెడికల్ రికార్డ్స్ విభాగంలో అడిగితే కాపీ ఇస్తారు. మీ తరఫున మామగారు వెళ్ళి తీసుకునేలా ఆయన పేరు మీద ఒక అనుమతి లెటర్ రాసి సంతకం పెట్టి, మీ ఐడీ కాపీ, బాబు హాస్పిటల్ నంబరు జతచేసి పంపండి. సమ్మరీతో పాటు వెన్నునీటి పరీక్ష రిపోర్టు, ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులిచ్చారో ఆ వివరం, ఎమ్మారై సీడీ కూడా అడగమనండి. వాళ్ళుండేది కూకట్‌పల్లిలోనే కదా, ఒక్కరే వెళ్ళడం కష్టమైతే చెప్పండి, శనివారం నేను తోడు వెళ్తాను.