అప్‌డేట్: నెల్లూరు నోయిర్ ఫోటో కామిక్‌లో చీకటి తగ్గించాలా అని అడిగాను కదా

ట్రంకు రోడ్డు, పెన్నా వంతెన, మైపాడు బీచ్ దగ్గర రాత్రుళ్లు తీసిన ఫోటోలతో మేం నలుగురం చేసిన ఫోటో కామిక్ (బొమ్మలకి బదులు ఫోటోలతో నడిచే కథ) గురించి పోయిన నెల అడిగాను. అది నోయిర్, అంటే చీకటి, నీడలతో నడిచే క్రైమ్ కథ. చదివినవాళ్లలో చాలామంది ‘మొహాలే కనపడ్డంలే’ అన్నారని, వెలుగు పెంచాలా అని నా ప్రశ్న.

పెంచలేదు. ఫోటో మొత్తం వెలుగు పెంచితే నలుపు బూడిదరంగైపోయింది, భయం పోయింది. నోయిర్‌కి ప్రాణం ఆ నలుపే. అందుకని 6 పేజీలు మళ్లీ తీశాం. టీ బంకు బల్బుని పక్కనుంచి పెట్టి, మొహంలో ఒక సగానికే వెలుతురు పడనిచ్చాం. కన్ను కనపడితే చాలు, మనిషి తెలిసిపోతాడు. ఫోన్ స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించినా కనపడుతోందని చూసుకున్నాకే ఆ పేజీలు పెట్టాం.

నన్ను నిజంగా కదిలించిన మాట వేరే ఉంది. కావలి నుంచి ఒకాయన, ‘ఊరు మనదే, మాట మాత్రం సినిమాది’ అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన చెప్పింది నిజం. ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని రాసినచోట ఇప్పుడు ‘యాడికి పోతుండావబ్బయా’ అని ఉంది. మాట మారేసరికి హంతకుడు మా వీధిలోవాడే అయిపోయాడు.

ఒక పెద్దావిడ, చిన్నప్పుడు చదివిన వెండితెర నవలలు (సినిమా కథని స్టిల్ ఫోటోలతో వేసిన పుస్తకాలు) గుర్తొచ్చాయన్నారు. మాటలు రాసే బెలూన్లు మొహాల మీదికి రాకూడదన్నదీ ఆవిడే. అదీ సరిచేశాం.

రెండో భాగం కృష్ణపట్నం దారిలో తీస్తున్నాం.