సీజన్ మధ్యలో ఆటగాళ్లను క్లబ్బులు ఎలా వదులుతాయి?

ప్రశ్న: ఫుట్‌బాల్‌లో నాకు యూరప్ లీగ్ మ్యాచ్‌లే అలవాటు. కొన్నేళ్లు జనవరి వచ్చిందంటే నైజీరియా, సెనెగల్, ఘనా ఆటగాళ్లు ఆఫ్రికా దేశాల టోర్నీ అయిన ఆఫ్రికా కప్‌కి వెళ్లిపోతారు. జీతమిచ్చే క్లబ్బు వద్దనలేదా?

జవాబు 1: అనలేదు. తమ దేశపు జట్టుకు ఎంపికైతే వదలాల్సిందే, ఫిఫా నిబంధన అది. 2019లో ఈ కప్‌ని ఈజిప్టులో, లీగ్‌లు ఆగే జూన్, జూలైల్లోనే జరిపారు. కానీ కామెరూన్, ఐవరీ కోస్ట్‌లలో ఆ నెలల్లో వానలు. అందుకే 2022, 2024 టోర్నీలు జనవరికి మారాయి.

జవాబు 2: రూల్స్ సరే, ఐవరీ కోస్ట్ స్ట్రైకర్ హాలర్ సంగతి చూడండి. పుట్టింది ఫ్రాన్స్‌లో, ఆ దేశపు జూనియర్ జట్లకూ ఆడాడు. 2022లో జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్‌లో చేరిన కొద్ది రోజులకే వృషణ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్లు, కీమో అయ్యాక 2023 జనవరిలో మళ్లీ మైదానంలోకి వచ్చాడు. 2024 ఆఫ్రికా కప్‌లో ఐవరీ కోస్ట్ సొంతగడ్డపై ఈక్వటోరియల్ గినీ చేతిలో 4-0తో చిత్తయింది, మధ్యలోనే కోచ్‌ని మార్చారు. నేనైతే ఆశ వదిలేసుకున్నాను! కాలి గాయం నుంచి కోలుకున్న హాలర్, సెమీస్‌లో డీఆర్ కాంగోపై ఏకైక గోల్ కొట్టాడు. ఫైనల్లో నైజీరియాతో 1-1, ఒకటే టెన్షన్. 81వ నిమిషంలో ఎడమ వైపు నుంచి సహచరుడు అడింగ్రా క్రాస్. హాలర్ డిఫెండర్ కంటే ముందు కాలు చాచి బంతిని అలా తాకించాడంతే. 2-1, కప్పు వాళ్లదే.

ప్రశ్న వేసినవారు: ఆ గోల్ ఇప్పుడే చూశాను. ఇంకొకటి చెప్పండి.

జవాబు 2: 2022 ఫైనల్, సెనెగల్–ఈజిప్టు. సెనెగల్ మానే, ఈజిప్టు సలా అప్పుడు ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌లో సహచరులు. మొదట్లోనే పెనాల్టీ పోగొట్టిన మానేనే చివరికి, మ్యాచ్ సమమయ్యాక జరిగిన పెనాల్టీ షూటౌట్‌లో గెలిపించే కిక్ కొట్టాడు. సలా వంతు రానేలేదు.