హాస్టల్‌కి అంటువ్యాధుల ప్లాన్: కుర్రాళ్ళు ఏ రూల్ పాటిస్తారు, ఏది గాలికొదిలేస్తారు?

వార్డెన్_డెస్క్:
నమస్కారమండి. ఇంజనీరింగ్ బాయ్స్ హాస్టల్‌కి అంటువ్యాధుల ప్లాన్ రాయాలి. 240 మంది, గదికి నలుగురు, ఒకటే మెస్, 80 కుర్చీలు. కోవిడ్ నాటి సర్క్యులర్ బయటికి తీస్తే అందులో "రాదు, కూడదు, జరిమానా" తప్ప ఇంకేం లేదు. మళ్ళీ అలాంటిదే వస్తే ఈ వయసు వాళ్ళు దేనికి ఒప్పుకుంటారు? జరిమానా ఉంచాలా, తీసేయాలా? జ్వరం దాచకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ఫీల్డ్_ఎపిడెమియాలజీ:
ముందు "కుర్రాళ్ళు మాట వినరు" అన్న ఆలోచన పక్కన పెట్టేయండి సార్. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో చిన్నప్పటి నుంచీ గమనిస్తూ వచ్చిన ఒక బృందాన్ని 22 ఏళ్ళ వయసులో, 2020 లాక్‌డౌన్ అప్పుడు అడిగి చూశారు. పాటించనివాళ్ళలో మగపిల్లలు ఎక్కువ, అదీ చేతులు కడుక్కోవడం లాంటి శుభ్రత దగ్గర. ఎక్కువ చదివినవాళ్ళు, డబ్బున్న ఇళ్ళవాళ్ళే ఎక్కువ ఎగ్గొట్టారు. ప్రభుత్వ చర్యల మీద నమ్మకం లేనివాళ్ళూ అంతే. అంటే అందరికీ ఒకే పోస్టర్ అంటిస్తే పని జరగదు.

పాటించలేని రూల్ అసలు రాయకండి. నలుగురు పడుకునే గదిలో మాస్కు ఎవడూ పెట్టుకోడు. ఆ రూల్ రాశారంటే క్లాసులో పెట్టుకునేవాడు కూడా తీసేస్తాడు. గదిని ఒక కుటుంబం కింద లెక్కేయండి. లోపల మాస్కు అక్కర్లేదు, కిటికీ మాత్రం తెరిచి ఉండాలి, పక్క గదివాళ్ళతో కలిస్తే ఆరుబయటే. గ్రౌండ్‌లో క్రికెట్ ఆపకండి. ఆపితే పదిమందీ ఒకే గదిలో తలుపేసుకుని క్యారమ్స్ ఆడతారు, అది ఇంకా ప్రమాదం.

సబ్బు సంగతి: లిక్విడ్ డబ్బా సాయంత్రానికి ఖాళీ, మళ్ళీ ఎవరూ నింపరు. నైలాన్ వలలో సబ్బు బిళ్ళ వేసి ప్రతి కుళాయికీ కట్టేయండి. జారిపడదు, మాయమవదు. మెస్ గుమ్మం పక్కనే కుళాయి ఉంటే చాలావరకు కడుక్కుంటారు, మెట్లు దిగి వెళ్ళాలంటే కడుక్కోరు.

క్యాంపస్_నర్స్:
జ్వరం దాచడానికి కారణం మొండితనం కాదండి, హాజరు. జేఎన్‌టీయూలో 75 శాతం ఉండాలి. 65 దాటి 75 లోపు ఉంటే వైద్య కారణాలతో కండోనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు), దానికి మళ్ళీ ఫీజు. "చెబితే ఏడు రోజులు పోతాయి, మిడ్ పరీక్ష పోతుంది" అని వాడికి తెలుసు. అందుకే ప్లాన్‌లో మొదటి లైను ఇదే కావాలి: ఐసోలేషన్ రోజులకు హాజరు పడుతుంది, మిడ్ మళ్ళీ పెడతాం. ప్రిన్సిపాల్ సంతకంతో నోటీసు బోర్డు మీద పెట్టండి.

గేటు దగ్గర థర్మల్ గన్‌ని నమ్ముకోకండి. పారాసిటమాల్ వేసుకుని వస్తే దానికి చిక్కడు. ఎండలోంచి వచ్చిన నుదురుకి ఎక్కువ చూపిస్తుంది. లక్షణాలు మొదలవకముందే అంటించేవాడు దానికి అసలే దొరకడు.

ఐసోలేషన్ గదిలో వైఫై, ఛార్జింగ్ పాయింట్, విడిగా బాత్‌రూమ్, వేడి భోజనం ఉండాలి. స్టోర్‌రూమ్‌లో మంచం వేస్తే మొదటివాడు చెబుతాడు, రెండోవాడు చెప్పడు. జ్వరం రోజుకి రెండుసార్లు రాయాలి. ఆక్సీమీటర్ పెట్టే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేయండి, అంకె నిలకడగా నిలిచాకే రాసుకోండి. ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికే. కోవిడ్‌కి కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన 2022 జనవరి నిబంధనల ప్రకారం లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్ళకి పాజిటివ్ వచ్చిన రోజు నుంచి 7 రోజులు, అందులో చివరి 3 రోజులూ జ్వరం ఉండకూడదు. కొత్త జబ్బుకి ఈ అంకెలు మారతాయి కాబట్టి ఆ చోటు ఖాళీగా ఉంచండి.

మెస్_లెక్కలు:
జరిమానా గురించి. తెలంగాణలో మాస్కు లేకపోతే 1000 రూపాయలు వేశారు. దాంతో మాస్కు ముక్కు మీదికి రాలేదు, గడ్డం కిందికి వచ్చింది; ఖాకీ చొక్కా కనబడగానే పైకి ఎక్కేది. హాస్టల్‌లో వేస్తే ఆ డబ్బు కట్టేది నాన్న, కుర్రాడికి నొప్పి ఉండదు. ఆ డబ్బేదో మాస్కులకే పెట్టండి. రోజుకొకటి చొప్పున 240 మందికి నెలకి 7200 సర్జికల్ మాస్కులు. ముక్కు దగ్గర తీగ లేని చవక రకం కొనకండి, కళ్ళద్దాలు మసకబారితే అరగంటలో జేబులోకి వెళుతుంది.

మెస్‌లో 60 మంది చొప్పున నాలుగు బ్యాచ్‌లు, ఒక్కోటి 25 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాలు తుడవడానికి. ఏడున్నరకి మొదలైతే తొమ్మిదిన్నరకల్లా అయిపోతుంది. బ్యాచ్ రోజూ ఒకటే అయితే చివరి బ్యాచ్‌కి కూర అడుగంటుతుంది, వాళ్ళు ముందే దూరిపోతారు. వారానికోసారి వంతులు తిప్పండి.

వార్డెన్_డెస్క్:
హాజరు సంగతి అసలు తట్టలేదండి. టీకాకి కూడా ఇలాగే మొండికేస్తారా?

ఫీల్డ్_ఎపిడెమియాలజీ:
అక్కడ మాత్రం వాళ్ళని అనలేం. 18 దాటినవాళ్ళకి 2021 ఏప్రిల్ 28న కోవిన్‌లో రిజిస్ట్రేషన్ తెరిచారు, స్లాట్లు మాత్రం దొరకలేదు. దొరికితే చెప్పేలా కొందరు కోడర్లు టెలిగ్రామ్‌లో అలర్టులు కూడా పెట్టారు. క్యాంపస్‌లోనే క్యాంపు పెట్టండి, శనివారం సాయంత్రం అయితే మేలు. మర్నాడు ఒళ్ళు నొప్పులుంటే క్లాసు పోతుందన్న భయం ఉండదు.