కొరియా సన్‌స్క్రీన్: ముగ్గురివీ మూడు రకాల చర్మాలు, ఏవి తెప్పించుకోవాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు దక్షిణ కొరియాలోని సువాన్‌లో చదువుకుంటున్నాడు. వచ్చే నెల ఇంటికి వస్తూ సన్‌స్క్రీన్లు తెస్తాను, పేర్లు చెప్పమంటున్నాడు. నాది జిడ్డు చర్మం. రోజూ స్కూటీ మీద కాలేజీకి వెళ్లి పాఠాలు చెబుతాను. పది గంటలకల్లా నుదురు, ముక్కు జిడ్డు కారుతుంటాయి. మా చెల్లికి మొటిమలు, డాక్టరు రాసిన అడాపలీన్ రాసుకుంటోంది. అమ్మది పొడి చర్మం, పైగా రెండు బుగ్గల మీదా మంగు మచ్చలున్నాయి. అందరూ మెచ్చుకునే బియ్యం సన్‌స్క్రీన్ ఒకటే మూడు ట్యూబులు తెప్పిస్తే సరిపోతుందా? మాది చామనఛాయ, తెల్లగా తేలితే అమ్మ మళ్లీ ముట్టుకోదు.

జవాబు (సోల్ నుంచి)

మూడూ ఒకటే తెప్పించకండి. కొరియాలో రోజువారీ వాడకానికి అమ్మే సన్‌స్క్రీన్లలో చాలావాటి మీద ఎస్‌పీఎఫ్ 50 ప్లస్, పీఏ తర్వాత నాలుగు ప్లస్‌లు ఉంటాయి. అతినీలలోహిత కిరణాల్లో చర్మాన్ని కమిలించే యూవీబీ నుంచి ఎంత రక్షణ ఉందో ఎస్‌పీఎఫ్, లోతుకు వెళ్లే యూవీఏ నుంచి ఎంత ఉందో పీఏ చెబుతాయి. ఎస్‌పీఎఫ్ యాభై దాటితే ఎంత వచ్చినా ఇక్కడి నిబంధనల ప్రకారం 50 ప్లస్ అనే రాయాలి. కాబట్టి అంకెలు చూసి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. తేడా అంతా ముఖం మీద అది ఎలా కూర్చుంటుందన్న దాంట్లోనే ఉంది.

పెట్టె మీది ఎస్‌పీఎఫ్ అంకె రావాలంటే చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల క్రీము రాయాలి. ప్రయోగశాలలో అలాగే రాసి కొలుస్తారు. మనలో చాలామంది అందులో సగం కూడా రాసుకోరు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికీ మెడకూ దాదాపు సరిపోతుంది. మీ చర్మానికి నప్పని క్రీమును అంత మోతాదులో ఎవరూ రెండు రోజులకు మించి రాసుకోలేరు. చర్మతత్వం చూసి ఎంచుకోమనేది అందుకే. రోజుకు ఒక్కసారి రాసుకున్నా 50 మిల్లీలీటర్ల ట్యూబు నెలా పది రోజుల్లోపే అయిపోవాలి. మూడు నెలలు వచ్చిందంటే తక్కువ రాస్తున్నట్టే.

ఇక మీరు చెప్పిన బియ్యం సన్‌స్క్రీన్, అంటే బ్యూటీ ఆఫ్ జోసాన్ వారి రిలీఫ్ సన్ రైస్ ప్లస్ ప్రోబయోటిక్స్. నాకూ ఇష్టమే. తెల్లగా తేలదు, ఘాటైన వాసన లేదు, రాసుకుంటే మాయిశ్చరైజర్ రాసుకున్నట్టే ఉంటుంది. జిడ్డు చర్మంతో విజయవాడ ఉక్కలో తిరిగేవారికి ఇబ్బంది అయ్యేది కూడా ఆ చివరి గుణమే. సోల్‌లో చలికాలపు గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పెదవులు, బుగ్గలు పగిలిపోతాయి. ఆ గాలిలో వాడినవారు రాసిన పొగడ్తలు చదివి కృష్ణా తీరంలో కొనుక్కుంటే నిరాశ తప్పదు. మీకు జెల్ లేదా సీరం రకం కావాలి. స్కిన్1004 వారి హయాలు-సికా వాటర్-ఫిట్ సన్ సీరం, ఇస్న్‌ట్రీ వారి హైల్యురోనిక్ యాసిడ్ వాటరీ సన్ జెల్ ఆ కోవలోవి. బియ్యందే కావాలనుకుంటే అదే కంపెనీ ఆక్వా-ఫ్రెష్ అనే పలుచటి రకం కూడా చేస్తోంది. ఏది తీసుకున్నా దాని కింద మళ్లీ మాయిశ్చరైజర్ వద్దు. జిడ్డు చర్మానికి అదొక్కటే చాలు.

ఒక మాట మాత్రం తమ్ముడికి గట్టిగా చెప్పండి. పెట్టె మీద ‘టోన్ అప్’ అని ఉంటే ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. ముఖం తెల్లగా కనిపించాలనే వాటిని అలా తయారుచేస్తారు. మన రంగు మీద విబూది పూసినట్టు తేలుతుంది. జిడ్డు చర్మానికి ‘నో సీబమ్’ (జిడ్డు లేనిది) అని రాసి అమ్మేవాటిలో కూడా టోన్ అప్ రకాలుంటాయి, పేరు పూర్తిగా చదివి తీసుకోవాలి.

ప్రశ్న (విజయవాడ నుంచి)

చాలా థాంక్సండీ. మా చెల్లికి ‘మినరల్’ అని ఉన్నదే తీసుకోమని ఎవరో చెప్పారట. నిజమేనా?

జవాబు (గుంటూరు నుంచి, మందుల షాపు)

అడాపలీన్ మొదలుపెట్టిన కొత్తలో చర్మం పొడిబారి, ఎర్రబడి, దేనికైనా మండుతుంది. ఆ దశలో ఆల్కహాలు, సుగంధం కలిసిన క్రీములు మానడం మంచిది. పదార్థాల పట్టికలో ‘ఆల్కహాల్ డీనాట్’ అన్నది మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే పక్కన పెట్టేయండి. మినరల్ అంటే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్‌లతో చేసినవి. మంట తక్కువ పుట్టిస్తాయి కాబట్టి సున్నిత చర్మానికి వాటిని సూచిస్తాం. అయితే మొటిమలున్న ప్రతివారికీ అవే కావాలని ఏమీ లేదు. వాటిలో కొన్ని మందంగా, తెల్లగా ఉంటాయి. ఆ తెలుపు చూసి అమ్మాయి రాసుకోవడం మానేస్తే ఏం లాభం? ముందు ఒక ట్యూబు తెప్పించి, మూడు నాలుగు రోజులు దవడ కింద కొంచెం చోట రాసి చూడమనండి. దురద, పొక్కులు లేకపోతే ముఖానికి వాడవచ్చు. కళ్లు మండుతుంటే కళ్ల చుట్టూ మాత్రం జింక్ ఉన్నదో, గట్టి కడ్డీలా ఉండి గీసుకునే సన్ స్టిక్కో వాడుకోవచ్చు.

జవాబు (సోల్ నుంచి)

గుంటూరు వారు చెప్పింది నిజం. ఇక్కడి దుకాణాల్లో ఈ తేడాను పేరుతోనే అడగవచ్చు. ఖనిజ రకాన్ని ‘ముగిజచా’, రసాయన ఫిల్టర్ల (ఎండను ఆపే పదార్థాల) రకాన్ని ‘యుగిజచా’, రెండూ కలిపినదాన్ని ‘హొన్హప్‌జచా’ అంటారు. సువాన్‌లో ఏ ఆలివ్ యంగ్ సౌందర్య సాధనాల దుకాణానికి వెళ్లి ఈ మాటలు చెప్పినా అర్థం చేసుకుంటారు. మచ్చుకు పెట్టిన ట్యూబులుంటాయి, చేతి మీద రాసి చూడమనండి. మీ తమ్ముడిది మీ రంగే అయితే ఇంకా మంచిది, తెల్లగా తేలేదీ లేనిదీ అక్కడే తెలిసిపోతుంది. మీ చెల్లికి నేనైతే సువాసన లేని హొన్హప్‌జచా గానీ, పలుచటి యుగిజచా గానీ చూస్తాను. ఒకటి కొంటే ఒకటి ఉచితమనే జంట పెట్టెలు ఇక్కడ మామూలే, చెల్లి విషయంలో మాత్రం వాటికి ఆశపడవద్దు. నప్పకపోతే రెండూ వృథా.

అమ్మగారి సంగతి వేరుగా చెప్పాలి. పొడి చర్మానికైతే ఇందాకటి బియ్యం క్రీము గానీ, రౌండ్ ల్యాబ్ వారి బర్చ్ జ్యూస్ మాయిశ్చరైజింగ్ సన్‌స్క్రీన్ గానీ చక్కగా ఉంటాయి. కానీ మంగుకు అతినీలలోహిత కిరణాలను ఆపితే సరిపోదు. కంటికి కనిపించే వెలుగు కూడా మన రంగు చర్మంలో మచ్చలను ముదురుచేస్తుంది. దాన్ని అడ్డుకోవాలంటే ఐరన్ ఆక్సైడ్ కలిపిన, రంగున్న సన్‌స్క్రీన్ కావాలి. కొరియా కంపెనీల రంగు రకాలు ఎక్కువగా ఇక్కడివారి ఛాయకు తగ్గట్టు చేసినవే, మనకు పాలిపోయినట్టు కనిపిస్తాయి. అందుకని అమ్మగారికి కొరియా నుంచి ఏమీ తెప్పించవద్దనే అంటాను. చర్మ వైద్యుడిని అడిగి, ఆమె ఛాయకు కలిసే రంగు సన్‌స్క్రీన్ విజయవాడలోనే కొనండి. ఎండలోకి వెళ్తే గొడుగు తప్పనిసరి. కిటికీ పక్కన కూర్చునే అలవాటుంటే ఇంట్లో ఉన్న రోజు కూడా రాసుకోమనండి. గాజు యూవీబీని చాలావరకు ఆపుతుంది గానీ యూవీఏ లోపలికి వస్తుంది.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కొరియా వాటిలో రాసినంత ఎస్‌పీఎఫ్ ఉండదని చదివాను. అదీగాక నేను పొద్దున్నే నడకకు వెళ్తాను, చెమటకు అంతా కారిపోతోంది.

జవాబు (సోల్ నుంచి)

మీరు చదివింది బహుశా 2020 చివర్లో జరిగిన గొడవ గురించి. 50 ప్లస్ అని అమ్ముతున్న, బాగా పేరున్న ఒక క్రీమును యూరప్ ప్రయోగశాలల్లో పరీక్షిస్తే 19 దగ్గర తేలింది. కంపెనీ దాన్ని అమ్మకం నుంచి తీసేసింది. కోపం రావాల్సిన విషయమే, నాకూ వచ్చింది. సన్‌స్క్రీన్‌ను ఇక్కడ ఫంక్షనల్ కాస్మెటిక్‌గా, అంటే ప్రత్యేక పని చేసే సౌందర్య సాధనంగా లెక్కిస్తారు, ప్రభుత్వ శాఖ పర్యవేక్షణ ఉంటుంది. అయినా అలా జరిగింది. తాము చేయించిన పరీక్షల ఫలితాలను బయటపెట్టే కంపెనీలవైపే నేను మొగ్గు చూపుతాను.

చెమట విషయంలో మాత్రం మీ అనుభవం సహజమే. ఈ పలుచటి జెల్‌లు, సీరమ్‌లు చాలావరకు నీటికి తట్టుకునేలా చేసినవి కావు. పెట్టె మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని గానీ, కొరియా భాషలో ‘నేసుసంగ్’ అని గానీ ఉండాలి. నడకకు అలాంటిది వాడి, ఆఫీసుకు పలుచటిది వాడండి. ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మొదటిసారి రాసుకోవడానికి సన్ స్టిక్‌ను నమ్ముకోవద్దు. ఒక్కసారి గీస్తే చాలా పలుచగా పడుతుంది, ఒక్కో చోట మూడు నాలుగుసార్లు గీయాలి.

జవాబు (డాలస్ నుంచి)

అమెరికా నుంచి తెప్పించుకునేవారికి ఒక సూచన. ఇక్కడ సన్‌స్క్రీన్‌ను మందుగా లెక్కిస్తారు, అనుమతి ఉన్న ఫిల్టర్లు తక్కువ. అందుకే కొరియా కంపెనీలు ఈ మార్కెట్ కోసం ఫిల్టర్లు మార్చి వేరే క్రీములు చేస్తాయి. పేరు దగ్గరగా ఉందని అదే అనుకోకండి, వెనుక పదార్థాల పట్టిక పోల్చి చూడండి.

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. నాకు సన్ సీరం, చెల్లికి సువాసన లేనిది ఒక్కటే ట్యూబు అని తమ్ముడికి రాశాను. అమ్మను వచ్చే వారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. పెట్టె మీద తేదీ ఒకటే ఉంటుందట, అది తయారైన తేదీనా, గడువా?

జవాబు (సోల్ నుంచి)

ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు వస్తాయి. పక్కన ‘제조’ అని ఉంటే తయారైన తేదీ, ‘까지’ అని ఉంటే అప్పటివరకు వాడవచ్చని. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలు. యాభై మిల్లీలీటర్ల ట్యూబులు చేతి సంచిలో అయినా తేవచ్చు, లీటరు పారదర్శక కవరులో పెట్టుకోవాలి. తర్వాత అయిపోయి అక్కడే ఆన్‌లైన్‌లో కొంటే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్న లేబులు చూడండి. మన దేశంలోకి వచ్చే సౌందర్య సాధనాలకు అది తప్పనిసరి. లేకపోతే తిప్పి పంపేయండి. ఇంకొకటి, ట్యూబును స్కూటీ డిక్కీలో వదిలేయకండి. ఆ వేడికి క్రీము విరిగిపోతుంది.