లిస్బన్‌లో శుక్రవారం నుంచి సోమవారం దాకా, అమ్మకి మోకాళ్ల నొప్పులు. ప్లాన్ ఎలా వేసుకోవాలి?

ఏప్రిల్ చివర్లో నేనూ అమ్మా లిస్బన్ వెళ్తున్నాం. శుక్రవారం మధ్యాహ్నం దిగుతాం, సోమవారం రాత్రి తిరుగు ఫ్లైట్. చదునుగా ఉంటే అమ్మ ఎంత దూరమైనా నడుస్తుంది కానీ మెట్లూ ఎత్తులూ అంటే మోకాళ్లు మొరాయిస్తాయి. ఊరంతా కొండలేనని చదివాక టెన్షన్ పట్టుకుంది. పాత పేట అల్ఫామా, కొండమీది కోట, నది ఒడ్డున బెలేం, 28 నంబరు ట్రామ్, రైల్లో వెళ్లే పక్క ఊరు సింత్రా, కుదిరితే బీచ్... ఇవీ నేను రాసుకున్నవి. ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి? రూమ్ అల్ఫామాలోనే చూస్తున్నా, ఫోటోల్లో చాలా బాగుంది.

గాలివాటం:
ముందు ఆ రూమ్ ఆలోచన మానుకోండి. ఆ ఫోటోల అందమంతా మెట్ల వల్లే వచ్చింది, చాలా సందుల్లోకి కారు కూడా రాదు, పెట్టెలు మోసుకుంటూ ఎక్కాల్సిందే. ఊరి మధ్యలో చదునుగా ఉండే బైషాలో తీసుకోండి. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం, సునామీ, ఆ వెంటనే మంటలు కలిసి ఆ దిగువ ప్రాంతాన్ని తుడిచిపెట్టేస్తే, మంత్రి పొంబాల్ హయాంలో దాన్ని తిన్నని వీధులతో మళ్లీ కట్టారు. అందుకే అక్కడ నడక సుఖం. అల్ఫామా చాలావరకు నిలబడింది కాబట్టి పాత ఇరుకు సందులు అలాగే ఉన్నాయి.

కోటకి ఎక్కక్కర్లేదు. బైషాలో ఫాంకేరోస్ వీధిలో చూడ్డానికి మామూలు భవనంలా ఉన్నదాంట్లో ఒక లిఫ్ట్ ఉంది, అది పై వీధిలో దింపుతుంది, అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే సూపర్‌మార్కెట్ ఉన్న పార్కింగ్ భవనం, అందులో ఇంకో లిఫ్ట్. రెండూ ఉచితమే. ఆ తర్వాత కూడా కాస్త ఎత్తు మిగులుతుంది, అదీ వద్దనుకుంటే ఫిగైరా కూడలి నుంచి 737 బస్సు కోట దాకా వెళ్తుంది. పైకి బస్సులో వెళ్లి, పోర్తాస్ దో సోల్ అనే వ్యూపాయింట్ దగ్గర కూర్చుని నది చూసి, వచ్చేటప్పుడు ట్రామ్ ఎక్కేయండి. దిగడం కూడా మోకాళ్లకి శిక్షే, అది చాలామంది మర్చిపోతారు.

బైషా పక్కన ఎత్తు మీదున్న షియాదో పేటకి వెళ్లాలంటే బైషా-షియాదో మెట్రో స్టేషన్ ఎస్కలేటర్లు వాడుకోండి. శాంతా జుస్తా లిఫ్ట్ 1902 నాటిది, కింద నిలబడి చూస్తే చాలు, ఆ క్యూలో నిలబడేంత గొప్పేం కాదు (నా అభిప్రాయం).

రైలుబండి:
పైన చెప్పినదానికి ఒప్పుకుంటా. నేను రోజుల గురించి చెప్తాను. బెలేంలో జెరోనిమోస్ మఠం సోమవారం మూసేస్తారు, కాబట్టి అది శనివారం పెట్టుకోండి. మే 1 కూడా సెలవే, మీ తేదీలు అటు జరిగితే చూసుకోండి. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి. చర్చి లోపలికి వెళ్లగానే వాస్కో ద గామా సమాధి ఉంటుంది. బెలేం బురుజు బయటి నుంచే చూడండి, లోపల ఇరుకైన మెలికల మెట్లు, అమ్మకి అస్సలు వద్దు. మిగతా బెలేం అంతా నది ఒడ్డున చదునే. 1837 నాటి ఆ కస్టర్డ్ టార్ట్ దుకాణం బయట పెద్ద లైను కనిపిస్తుంది, అది ఎక్కువగా పార్సిల్ వాళ్లది, లోపల కూర్చునే గదులు బోలెడు.

సోమవారం సింత్రా పెట్టుకోండి, పెనా ప్యాలెస్ సోమవారం కూడా తీసే ఉంటుంది. రోసియో నుంచి రైల్లో సుమారు 40 నిమిషాలు. లోపలికి వెళ్లే టైమ్ టికెట్ మీదే ఉంటుంది, ఆలస్యమైతే రానివ్వరు.

గాలివాటం:
మోకాళ్ల నొప్పులున్నాయంటే సింత్రా ఎందుకండీ? స్టేషన్ నుంచి బస్సు కోసం తోపులాట, గేటు దాటాక మళ్లీ ఎత్తు, పైగా రాత్రికి ఫ్లైట్. దానికి బదులు సముద్రం ఒడ్డున ఉన్న కష్కాయిష్ ఊరికి వెళ్లండి. కాయిష్ దో సొద్రే నుంచి ఇదీ 40 నిమిషాలే, రైలు నది వెంట, తర్వాత సముద్రం వెంట పోతుంది, ఎడమవైపు కిటికీ పట్టుకోండి. లిస్బన్ ఉన్నది తేజో నది ముఖద్వారంలో, ఊళ్లో బీచ్ లేదు, మీ బీచ్ కోరికా అక్కడే తీరుతుంది. ఏప్రిల్‌లో నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి, కాళ్లు తడుపుకోవడానికే.

రైలుబండి:
సరే, అమ్మకైతే కష్కాయిషే నయం. కానీ మీరొక్కరే అయితే సింత్రా వదలొద్దు.

అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. సింత్రా తీసేశాను, బైషాలో రూమ్ వెతుకుతున్నా. 28 ట్రామ్ మాత్రం అమ్మ వదలనంటోంది.

గాలివాటం:
అయితే మార్తిం మోనిజ్‌లో అందరితోపాటు క్యూ కట్టకుండా, అవతలి చివర కాంపో ద ఓరీక్ నుంచి పొద్దున్నే ఎక్కండి, సీటు దొరకొచ్చు. జేబుదొంగలకి ఆ ట్రామ్ పుట్టిల్లు, అమ్మ బ్యాగు ఒళ్లో పెట్టుకోమనండి. లోపల డ్రైవర్ దగ్గర టికెట్ కొంటే ఎక్కువ పడుతుంది, మెట్రో మెషీన్‌లో మనిషికొక నావెగాంతే కార్డు తీసుకుని డబ్బులు వేసుకోండి, ట్రామ్‌కీ కష్కాయిష్ రైలుకీ అదే పనిచేస్తుంది. హోటళ్లలో అడక్కుండానే బల్లమీద పెట్టే బ్రెడ్డూ ఆలివ్‌లూ ఉచితం కాదు, వద్దంటే తీసేస్తారు. ఇంకొకటి, అక్కడి పేవ్‌మెంట్ సున్నపురాయి చిన్నచిన్న ముక్కలతో పరిచింది, అరిగి నున్నగా ఉంటుంది, వాన పడితే సర్రున జారుతుంది. అమ్మకి కొత్త చెప్పులు కొనకండి, పట్టున్న పాత బూట్లే వేయించండి.